జల్ది కరిగిన తగరం

ఆడది మొగని పేరు నోటితోని అనొద్దంటరు. అంటే ఆయన ఆయుష్షు తక్కువైతదట. ఇగ తక్కువయ్యేటందుకు ఆయనకు ఏం మిగిలిందని? పోయి నాలుగేండ్లాయె. దుర్గయ్య. మా ఆయన పేరు దుర్గయ్య. శాలిబండల కళాయి దుర్గయ్య అంటే ఒకప్పుడు అటు హుస్సేనీ ఆలం దాక ఎర్కే. నా పేరు నీలమ్మ. నా నోరు మంచిది గాదని గల్లీల అందరు అంటరు, అబద్ధమేం గాదు. కని ఆయన సంగతి చెప్పాల్నంటే నేనే చెప్పాలె. తక్కినోళ్లంత ఒక్కటే ముచ్చట చెప్తరు, "బిడ్డ కడుపుల పిండాన్ని మింగిండు" అని. వాళ్ల నోట్లె మన్ను వడ! ఏమైందో వాళ్లకేం తెలుసు?

ఇప్పటి పిల్లలకు కళాయంటే ఏందో ఎర్క లేదు. ఎవలింట్ల చూసినా స్టీలు గిన్నెలేనాయె. ఎన్కట అన్నీ రాగియి, ఇత్తడియి. ఉత్త రాగి గిన్నెల పులుసు వండితే చిలుమెక్కుతది, తిన్నోళ్లు కక్కుకుంటరు. అందుకని గిన్నె లోపల తగరం పూస్తరు. గదే కళాయి. ఆరు నెల్లకో, ఏడాదికో పూత అరిగిపోతది, మల్ల పూయాలె. గట్ల ఎల్లేది మా బతుకు.

ఇంటి ముంగటనే గుంత తవ్వి బట్టీ పెట్టుకున్నం. నేను కూసొని తోలు తిత్తి ఊదేదాన్ని, ఆయన పట్కారుతోని గిన్నె పట్టుకొని మంట మీద తిప్పుతుండె. గిన్నె కాలినంక నౌసాదర్ పొడి, గదే నవాసాగరం, చల్లుతుండె. చూస్తే ఉప్పు లెక్కనే ఉంటది. వేడి తగలంగనే అది నీళ్లు గాదు, కరగదు, సీదా తెల్ల పొగైపోతది. ఆ పొగతోని గిన్నెకున్న మకిల పోతది. పొగ పోయి గోడకు తాకి సల్లవడ్డదనుకో, మల్ల తెల్ల పొడే అయి కూసుంటది. మా గోడను గీకితే చెయ్యినిండ వచ్చేది. నేను దగ్గుకుంట తిట్టేదాన్ని, ఆయన నవ్వేటోడు. పొగ పోయినంక తగరం కడ్డీ ముట్టిస్తే కరిగి పారుతది. దూదితోని గిరగిర తుడిస్తే గిన్నె లోపలంత ఎండి లెక్క మెరుస్తది. ఎంటనే నీళ్లల్ల ముంచుడు. సుయ్యిమని ఆవిరి లేసేది, నా మొఖం మీదికే వచ్చేది ప్రతిసారి.

ఆయన సదువుకోలేదు. కని వేడి గురించి అడిగితే చాలు, ఆగకపోయేది.

"నీలా, తగరానికి దాని వేడి దానికున్నది. దాంట్ల పిసరంత తక్కువున్నా కరగదు. కరుగుడు షురువైనంక నువ్వెంత ఊదినా వేడి ఎక్కదు. నువ్వు ఊదిందంత కరుగుడుకే పోతది. మొత్తం నీళ్లయినంకనే మల్ల వేడెక్కుతది," అనేటోడు.

"నీ తెలివి సల్లగుండ! జర నువ్వొచ్చి తిత్తి ఊదు, వేడి యాడికి పోతదో నా రెట్టలు చెప్తయ్," అనేదాన్ని నేను.

రెట్టలంటే యాదికొచ్చింది, నేను లెక్క పెట్టుకుంట ఊదేది. మామూలు వంట బగోన పెడితే అరవై ఊపులకు తగరం పారేది. ఇరువై ఏండ్ల సంది అరవయ్యే. వానకాలంల బొగ్గు తడిస్తే డెబ్బై, ఎనబై. అంతకు తక్కువైతే ఒక్కనాడు గాలేదు.

మాకు ఒక్కతే బిడ్డ, సుగుణ. కిషన్‌బాగ్‌ల ఇచ్చినం. అల్లుడు సోమశేఖర్ ఆర్టీసీ డిపోల మెకానిక్, నెమ్మదైన పిల్లగాడు. వాళ్లమ్మ ఎల్లమ్మ మాత్రం నన్ను మించింది, ఒక్క మాటకు పది అంటది. పెండ్లయి ఆరేండ్లయినా నా బిడ్డకు కడుపు పండలే. ఎల్లమ్మ నోటికి తాళం ఎవరేస్తరు? పండుగకు పోతే చాలు, "మా ఇంట్ల తొట్టెల ఎప్పుడు కడ్తరో" అని నా మొఖం మీదనే అనేది. సుగుణ తల్కాయ దించుకొని బియ్యం ఏరుకుంట కూసునేది.

డెబ్బై నాలుగుల సుగుణకు నెల తప్పింది. ఆ కవురు అల్లుడే సైకిల్ మీదొచ్చి చెప్పిండు. దుర్గయ్య నౌసాదర్ డబ్బా కింద వడేసిండు సంబరంల. వాంతులు మస్తుగ అయితున్నయని ఐదో నెలలనే ఇంటికి తోలుకొచ్చుకున్నం. ఎల్లమ్మ గూడ ఎన్నడు లేంది నా చెయ్యి పట్టుకొని, "వదినె, జర పైలం, మీ చేతుల పెడుతున్న," అన్నది.

ఆ ఏడు వానలు మస్తు పడ్డయ్. బొగ్గు గోనెలన్నీ తడిసి ముద్దయినయ్. తొంబై ఊపులు ఊదినా తగరం మొండికేసి కూసునేది. నా రెట్టలు పడిపోయినయ్, రాత్రి పక్క మీద ఒత్తిగిలాల్నంటే ఏడుపొచ్చేది. గప్పుడే ఇంట్ల తగరం అయిపోయింది. ఎప్పుడు తెచ్చే దుకాణం మూసుండెనని ఆయన ఇంకోకాడ తెచ్చిండు. కడ్డీలు చూస్తే అదే తెలుపు, అదే తీరు.

మొదటి రోజు నేను నలభై ఊదినో లేదో, తగరం పారింది.

ఆయన గుడ్లప్పగించి చూసిండు. "అరె! ఏందే ఇది, జల్దినే కరిగింది? బొగ్గు ఆరినట్టున్నది!"

బొగ్గు ఆరలేదు. పొద్దుగాల గోనె లోంచి తీసింది నేనే. నా చేతులకు తడి తాకింది. తడి బొగ్గుకు ఊపులు పెరగాలె గని తగ్గుతయా? ఇరువై ఏండ్ల సంది ఊదినదాన్ని, నాకు తెల్వదా? తెలుసు. ఏదో తేడా ఉన్నదని నాకు ఆ నిమిషమే తెలుసు. కని నోరిప్పలే. గల్లీల ఎవలు పిలిస్తే వాళ్లతోని లొల్లి పెట్టుకునే నోరు, గానాడు మూసుకొని కూసున్నది. ఎందుకు మూసుకున్ననంటే నా రెట్టలు నొస్తుండె. నలభైకే పనైపోతే సుఖమాయె. గంతే. ఇంకే కారణం లేదు.

ఆయనకు ఇంకోటి గూడ నచ్చింది. అసలు తగరమైతే మంట మీదికెంచి తియ్యంగనే గడ్డకడ్తది, చెయ్యి జల్ది ఆడాలె. ఇది అట్ల గాదు. సల్లవడుకుంట గూడ జరసేపు మెత్తగనే ఉండేది, వెన్న రాసినట్టు సాగేది. పూత దిట్టంగ పడుతుందని మురిసిపోయిండు. "గిసుంటి తగరం నా జిందగీల చూడలే," అన్నడు. ఆ మాటైతే నిజమే.

పురిటికొచ్చిన బిడ్డకు కళాయి అరిగిన గిన్నెల వండొద్దని మా తాన రివాజు. పెద్ద రాగి బగోన ఒకటి, చిన్న గిన్నెలు రెండు కొత్తగ పూసి, పసుపు బొట్టు పెట్టి, ఇగ కాన్పయ్యేదాక బిడ్డ తిండి వాటిల్లనే. దుర్గయ్య ఆ బగోనకు ఒక్క పూత గాదు, రెండు పూతలు పూసిండు. గిరాకీలకు ఏనాడన్న పూసిండా రెండు? సొంత బిడ్డకని పూసిండు. లోపల మొఖం కనపడేటట్టు మెరుస్తుండె. సుగుణను పిలిచి, "చూడు బిడ్డా, అద్దమోలె లేదూ?" అన్నడు. అది నవ్వి తొంగి చూసుకున్నది.

దానికి పులుపు మీదనే పానం. పూటపూటకు చింతపులుసు, రసం, పచ్చిపులుసు. నేను అడిగిందల్లా చేసి పెట్టిన. నెల తిరిగేసరికి కడుపుల మెలిపెట్టి నొస్తుందన్నది. మొఖం పాలిపోయింది. దొడ్డికి సరిగ పోదు, నోట్లె ఏదో ఇనుము రుచి అంటది. పక్కింటి ముసలామె నాగమణమ్మ చెయ్యి చూసి, "వేడి చేసిందే పిల్లకు, చలువ చెయ్యుండ్రి," అన్నది. మనం వేడి చేస్తే ఏం చేస్తం? పుల్ల మజ్జిగ పోస్తం, నిమ్మకాయ నీళ్లు పోస్తం. గవే పోసినం. మాపటీలి మజ్జిగ కలిపి ఆ బగోనలనే మూత పెట్టేదాన్ని, తెల్లారి చెంబులు చెంబులు తాపేదాన్ని. నొప్పి ఇంకింత పెరిగింది. ఇంకింత వేడి చేసిందనుకున్న, ఇంకింత పులుపు పోసిన. నా చేతులతోని పోసిన, ఈ రెండు చేతులతోని.

ఎనిమిదో నెలల ఒకనాడు పొద్దుగాల, కడుపుల కదలుత లేదవ్వా అని సుగుణ లేసింది. సర్కారు దవాఖానకు రిక్షాల తీస్కపోయినం. మాపటికల్లా కాన్పాయె. మొగపిల్లగాడు. ఏడ్వలే. నర్సు గుడ్డల చుట్టి నా చేతికిచ్చింది. దుర్గయ్య వరండల గోడకు తల కొట్టుకున్నడు. నేను అరిచిన అరుపుకు వార్డు మొత్తం లేసింది. సుగుణ మాత్రం ఒక్క మాటనే అడిగింది, "ఇంక మా అత్తకు ఏం చెప్పాలె అవ్వా?" అని.

మూడోనాడు విజయలక్ష్మి అని డాక్టరమ్మ వచ్చింది. వయసు చిన్నదే గని కండ్లు పెద్దయి. సుగుణ నోరు తెరిపించి పండ్ల చిగుర్లు చూసింది. చిగురు అంచుకు సన్నగ నల్లగీత ఉండె. నేను అన్నాళ్లు చూస్కోనే లేదు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఏ గిన్నెల వండుతరు, ఏం తిన్నది, మీ పనేంది, అన్నీ అడిగింది. నేను చెప్తుంటే తలూపుకుంట విన్నది. దుర్గయ్యను పిలిచి, "మీ తగరంల సీసం కలిసున్నట్టుంది. సీసం విషం. పులుపు తగిలితే అది పూతల నుంచి కూరలోకి దిగుతది. కడుపుల ఉన్న పిల్లకు గూడ పోతది," అన్నది. అదే ముచ్చట కాయిదం మీద రాసిచ్చింది.

ఆయన సీదా ఇంటికి నడిచిండు, నేను ఎన్కనే ఉరికిన.

అటక మీద పాత తగరం ముక్క ఒకటి ఉండె, నా గాజంత. దాన్ని తీసిండు. కొత్త కడ్డీల నుంచి అంతే ముక్క కోసిండు. పక్కింట్ల ఎండు బొగ్గు అడుక్కొచ్చిండు. పెనం మీద రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, "ఊదు," అన్నడు. నేను ఊదిన. కొత్త ముక్క అంచులు జారినయ్, నడుం వంగింది, కూలవడ్డది. పాత ముక్క ఇంకా కదలలే, కొసలు గూడ మెత్తవడలే. ఇంకా ఊదిన. గప్పుడు అది ఒక్కసారే నీళ్లయింది. ఆయన పెనం దించి కింద పెట్టిండు. పాతది చూస్తుండంగనే గడ్డకట్టింది. కొత్తది అంబలోలె మెత్తగ, గట్టిగ గాక నీళ్లు గాక, పుల్లతోని పొడిస్తే గుంత పడుకుంట ఉండె.

"తగరం దాని వేడికే కరగాలె," అన్నడు. "ముందుగాల కరిగిందంటే అది తగరం గాదు. నా చెయ్యికి తెలుసు నీలా. వెన్న లెక్క సాగినప్పుడే తెలుసు. నేను ఆ నెపం బొగ్గు మీద పెట్టిన. నా మనసు ఒప్పుకోక బొగ్గు మీద పెట్టిన."

నేను అప్పుడైనా చెప్పాలె, నాకు గూడ తెలుసునయ్యా, బొగ్గు తడిగనే ఉండె, ఊపులు తగ్గినయని. తిత్తి పక్కన కూసొని కొంగు నోట్లె కుక్కుకున్న.

తెల్లారి నుంచి ఆయన గల్లీలు పట్టిండు. ఆ తగరం పూసిన గిన్నెలు ఎవరెవరి ఇంట్లున్నయో అన్నీ యాదున్నయ్ ఆయనకు. శాలిబండ, హుస్సేనీ ఆలం, ఇంటింటికి పోయి, "అమ్మా, బీబీ, నేను పూసిన కళాయి ఖరాబైంది, దాంట్ల వండకుండ్రి, తీసి మల్ల పూసిస్త," అని చెప్పుకున్నడు. కొందరు గిన్నె ఇచ్చిండ్రు. కొందరు కాలర్ పట్టుకున్నరు. ఒక ముసలి బీబీ మాత్రం గ్లాసుల నీళ్లిచ్చి, "నీ మొఖం చూడు బేటా, కూసో," అన్నదట. నెలన్నర తిరిగిండు. ఏ గిన్నె విడిచిపెట్టలే. తగరం మల్ల కరిగించి తుడిచేసిండు, మంచిది పూసిచ్చిండు. ఆ దెబ్బకు ఇగ ఎవ్వరు మా గుమ్మం తొక్కలే. గిరాకీ ఖతం. ఒక బేకరీల బట్టీకాడ కట్టెలు ఎగేసే పని దొరికింది ఆయనకు, నేను నాలుగిండ్లల బాసండ్లు తోమిన. ఆ తగరం అమ్మినోన్ని అడిగితే, నాకు ఎట్లొచ్చిందో అట్లనే అమ్మిన అన్నడు, అంతే.

ఇగ కిషన్‌బాగ్ సంగతి. సుగుణ అత్తింటికి పోయింది. ఎల్లమ్మకు అవకాశం దొరికింది. "కడుపు నిలువని ఆడదాన్ని తెచ్చుకున్నం. ఆరేండ్లకు ఒక్కటి నిలిస్తే అది గూడ సచ్చి పుట్టె. ఇంకో పిల్లను చూస్త నా కొడుక్కు," అని వాడంత చెప్పింది. అల్లుడు వద్దంటనే ఉన్నడు, కని తల్లి ముందట ఎన్ని దినాలు వద్దంటడు? సుగుణ కవురు పంపింది: నా పానమే ఖరాబు అవ్వా, నా కడుపుల పిల్లలు బతుకరు, ఆయనకు ఇంకో పెండ్లి చెయ్యనీ, అని.

ఆ కవురు విన్ననాడు దుర్గయ్య బువ్వ ముందట కూసొని లేసిండు. "నేను పోయి చెప్త. దాని తప్పు లేదు, నా తగరంది తప్పు అని చెప్త."

నేను అడ్డం పడ్డ. "నీకేమన్న పిచ్చా? చెప్తే నీ బిడ్డ నీ మొఖం చూస్తదా? ఉన్న ఒక్కదాన్ని పోగొట్టుకుంటవ్. నోరు మూసుకో. జర ఓపిక పడితే మల్ల కడుపైతది, అంతా సర్దుకుంటది."

"అప్పటిదాంక అది ఏమనుకుంట బతుకాలె నీలా? నా కడుపే పాడనుకుంట బతుకాల్నా?" అన్నడు.

నాలుగు దినాలు కొట్లాడినం. ఆ నాలుగు దినాలు నేను నోరు మూసుకోమన్నది ఆయన కోసమే అనుకుంటరేమో. అందుల సగం నా కోసమే. ఆయన చెప్పుడు షురూ చేస్తే, తిత్తి ఎవరు ఊదిండ్రు, నీకు తెల్వలేదా అని నన్ను అడుగుతరని నా భయం.

ఐతారం నాడు పోయినం. ఎల్లమ్మ వాకిట్ల నలుగురు సుట్టాలను పిలిచి కూసోబెట్టింది, రెండో పెండ్లి మాట ఖాయం జేసుకునేటందుకు. సోమశేఖర్ గోడకు ఒరిగి నేల చూస్తుండు. సుగుణ అర్రల తలుపు ఎన్క. దుర్గయ్య నడిమిట్ల నిలబడి, పాగ తీసి చేతిల పట్టుకొని చెప్పిండు. తగరంల సీసం ఉండెనని చెప్పిండు. రెండు పూతలు పూసినని చెప్పిండు. జల్ది కరిగితే అనుమానం రావాల్సింది, వచ్చినా నూకేసినని చెప్పిండు. డాక్టరమ్మ రాసిచ్చిన కాయిదం అల్లుని చేతుల పెట్టిండు.

"నా బిడ్డ కడుపు మంచిదే చెల్లె. తప్పు నా ఒక్కనిది. ఇంట్ల ఇంకెవ్వరికి తెల్వదు, నా ఒక్కనిది," అన్నడు ఎల్లమ్మతోని.

నా ఒక్కనిది అని రెండుసార్లు అన్నడు. నా దిక్కు చూడను గూడ చూడలే. ఆయనకు తెలుసు. నేను లెక్క పెట్టి ఊదుతనని ఇరువై ఏండ్ల సంది ఆయన చెవులతోనే విన్నడు, ఎట్ల తెల్వకుంటది? అన్నీ తెల్సే అన్నడు. నేను అక్కడ్నే నిలబడి ఉన్న, కాదని ఒక్క మాట అనలే.

సోమశేఖర్ కాయిదం చదివి, "ఇగ పెండ్లి ముచ్చట వద్దమ్మా," అన్నడు. జిందగీల మొదటిసారి తల్లికి ఎదురు చెప్పిండు. అర్రల నుంచి సుగుణ ఏడుపు ఇనొచ్చింది. పిల్లగాడు పోయిననాడు గూడ అట్ల ఏడ్వలే అది. దుర్గయ్య తలుపు దాక పోయి, "బిడ్డా," అని పిలిచిండు. లోపల్నుంచి గొళ్లెం పడ్డది.

దాని కాపురం నిలబడ్డది. డెబ్బై ఏడుల ఆడపిల్ల పుట్టింది, నిండు చంద్రుని లెక్క. కాన్పుకు మా ఇంటికి రాలే, అత్తింట్లనే కన్నది. కవురొస్తే ఇద్దరం పోయినం. దుర్గయ్య కొత్త ధోతి కట్టుకున్నడు, పిల్లకు వెండి మొలతాడు కొన్నడు. వాకిట్ల ఆయన నిలబడ్డడు, నేను అర్రలకు పోయిన.

సుగుణ నా చేతుల పిల్లను పెట్టింది. పెట్టుకుంటనే, "అవ్వా, బాపును లోపలికి రానియ్యకు. నాకు కోపం లేదు, ఒట్టు. బాపు చేతులు చూస్తే నాకు ఒళ్లు వణుకుతది. ఆ చేతులు పిల్లను ముట్టొద్దు," అన్నది.

నా చేతుల పిల్ల వెచ్చగ ఉన్నది. ఆ నిమిషం చెప్పాలె నేను. నా చేతులు గూడ అసుంటియే బిడ్డా, తిత్తి ఊదింది ఇవే, మజ్జిగ తాపింది ఇవే, తెల్సి నోరు మూసుకున్నదాన్ని నేను, అని చెప్పాలె. చెప్తే పిల్లను నా చేతులకెంచి తీసుకుంటది. నేను పిల్లను ఇంకింత గట్టిగ పట్టుకున్న.

బయటికొస్తే దుర్గయ్య మొలతాడు పట్టుకొని నిలబడే ఉన్నడు. "ఏమన్నది?" అని అడిగిండు.

"పిల్ల పండుకున్నది, లేపొద్దన్నది," అన్న.

"పండుకోనీ," అన్నడు.

ఎనబై ఒకటిల పోయేదాక నాలుగేండ్లు, ప్రతి ఐతారం నాతోని కిషన్‌బాగ్ దాక వచ్చిండు. ప్రతి ఐతారం వాకిట్లనే నిలబడ్డడు. ప్రతిసారి పిల్ల పండుకున్నదనే చెప్పిన. పిల్ల లోపల నా ఒళ్లె కూసొని నవ్వేది, ఆ నవ్వు వాకిట్లకు ఇనొచ్చేది. ఒక్కనాడు గూడ అడ్గలే ఆయన, పండుకున్న పిల్ల ఎట్ల నవ్వుతుందే అని.